క్విక్ హిచ్: కొలతలు కుదిరితేనే వేగం

ట్రాక్టర్ ఎంత శక్తిమంతమైనదైనా అది తనంతట తాను నేలను దున్నదు, విత్తదు, గడ్డి కోయదు; ఆ పనులన్నీ దాని వెనుక తగిలించిన పనిముట్లు చేస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో ఒకే ట్రాక్టర్ దుక్కుల కాలంలో కల్టివేటర్‌ను, ఆ తర్వాత రోటవేటర్‌ను, అదను రాగానే విత్తే గొర్రును మోస్తుంది. కిరాయికి తిరిగే ట్రాక్టరైతే ఒక్క రోజులోనే రెండు మూడు పనిముట్లు మార్చవలసి వస్తుంది. ట్రాక్టర్ కొనేముందు హార్స్‌పవర్ గురించి, డీజిల్ ఖర్చు గురించి, టైర్ల గురించి రైతులు నలుగురినీ విచారిస్తారు గానీ, ఒక పనిముట్టును విప్పి మరొకటి తగిలించడానికి పట్టే సమయం, ఆ సమయంలో మనిషి ఒంటికి పొంచి ఉండే ప్రమాదం ఎవరి లెక్కలోకీ రావడం లేదు. ఈ రెండింటినీ తగ్గించడానికి పుట్టిన సాధనమే క్విక్ హిచ్. ట్రాక్టర్ వెనుక బిగించి అక్కడే ఉంచేసే ఉక్కు చట్రం ఇది. డ్రైవర్ సీటు దిగకుండా ట్రాక్టర్‌ను వెనక్కి నడిపి హైడ్రాలిక్ లివర్ ఎత్తితే, పనిముట్టు వచ్చి దీని కొక్కేలలో కూర్చుంటుంది. అయితే చట్రం కొన్నంత మాత్రాన ఈ సౌకర్యం దక్కదు. షెడ్డులో ఉన్న ప్రతి పనిముట్టూ ఆ చట్రం కొలతకు వచ్చిన నాడే అది పనికి వస్తుంది కాబట్టి, క్విక్ హిచ్ విషయంలో డబ్బు కన్నా ముందు ఖర్చు పెట్టవలసింది టేపు పట్టుకుని కొలిచే ఓపిక.

దీన్ని అర్థం చేసుకోవడానికి ముందు ట్రాక్టర్ వెనుక భాగాన్ని ఒకసారి పరిశీలించాలి. వెనుక చక్రాల మధ్య నుంచి రెండు ఉక్కు చేతులు కింది భాగాన బయటకు వస్తాయి; వీటిని లోయర్ లింకులు అంటారు, ఇంజన్ బలంతో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టు వీటినే ఎత్తి దించుతుంది. వాటికి పైన, నడిమధ్యలో, పొడవు పెంచడానికీ తగ్గించడానికీ వీలుగా మరలు ఉన్న మూడో కడ్డీ టాప్ లింక్. ఈ మూడు చోట్లా పనిముట్టును పట్టుకునే ఏర్పాటునే త్రీ పాయింట్ లింకేజీ అంటారు. పనిముట్టు వైపు చూస్తే, కింద కుడి ఎడమలకు పొడుచుకు వచ్చిన రెండు పిన్నులు, పైన నిటారుగా నిలిచిన మాస్ట్ అనే చట్రం, దాని కొసన టాప్ లింక్ కోసం ఒక పిన్ను ఉంటాయి. లింకుల కొసల్లో అటూ ఇటూ తిరిగే గుండ్రటి బాల్ ఉండి, దాని రంధ్రంలో పిన్ను దూరుతుంది. పిన్ను జారిపోకుండా రింగు ఉన్న చిన్న లించ్ పిన్నును గుచ్చుతారు.

మామూలు పద్ధతిలో తగిలించడం ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. డ్రైవర్ ట్రాక్టర్‌ను వెనక్కి తెచ్చి ముందుగా ఎడమ లింకును పిన్నుకు ఎక్కిస్తాడు, ఎందుకంటే చాలా ట్రాక్టర్లలో ఎత్తు సవరించే మర కుడి వైపే ఉంటుంది. తర్వాత ఆ మర తిప్పుతూ కుడి లింకును పిన్ను ఎత్తుకు తెచ్చి గుచ్చుతాడు. చివరగా టాప్ లింకును పొడిగిస్తూ, కుదిస్తూ మాస్ట్ రంధ్రానికి సరిచేస్తాడు. విప్పేటప్పుడు ఇదే వరుస తలకిందులవుతుంది. ట్రాక్టర్ రెండు అంగుళాలు పక్కకు ఆగినా, నేల కొద్దిగా వాలుగా ఉన్నా పిన్ను రంధ్రానికి ఎదురుగా రాదు. అప్పుడు ఒకరు సీటు మీద ఉండి ట్రాక్టర్‌ను అంగుళం అంగుళం జరుపుతుంటే, మరొకరు పనిముట్టుకూ చక్రానికీ మధ్య నిలబడి గడ్డపారతో పనిముట్టును తోస్తూ, చేత్తో లింకును నెడుతూ, ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని చెబుతుంటారు. ఆ రెండో వ్యక్తి నిలబడిన చోటే ట్రాక్టర్ చుట్టూ ఉన్న చోట్లలో అత్యంత ప్రమాదకరమైనది. క్లచ్ మీద కాలు జారితే నలిగిపోయేది అతడే. తాను ఊహించని క్షణాన లిఫ్టు కదిలితే లింకుకూ పిన్నుకూ మధ్య వేళ్లు పోగొట్టుకునేది అతడే. క్విక్ హిచ్ మిగిల్చే నిమిషాల కన్నా, మనిషిని ఆ సందులో నిలబెట్టవలసిన అవసరాన్ని తప్పించడమే దాని పెద్ద మేలు.

త్రీ పాయింట్ లింకేజీ కూడా ఒక ప్రమాదానికి సమాధానంగానే పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, ఆహారోత్పత్తి పెంచే ప్రయత్నంలో భాగంగా ఐర్లండ్ ప్రభుత్వ వ్యవసాయ శాఖ తన ట్రాక్టర్ల వాడకాన్ని మెరుగుపరిచే పనిని అల్‌స్టర్ ప్రాంతానికి చెందిన హ్యారీ ఫెర్గూసన్ అనే యంత్ర నిపుణుడికి అప్పగించింది. అప్పట్లో నాగలిని ట్రాక్టర్ వెనుక గొలుసుతోనో కడ్డీతోనో కట్టి, ఎద్దుల వెనుక లాగించినట్లే లాగించేవారు. నేలలో రాయికో వేరుకో నాగలి చిక్కుకుపోతే ఇంజన్ ఆగదు. వెనుక చక్రాలు తిరగలేక, ట్రాక్టర్ ముందు భాగమే పైకి లేచి డ్రైవర్ మీదికి తిరగబడేది. నాగలిని వేరే బండిలా లాగడం కాక ట్రాక్టర్‌లో ఒక అవయవంగా చేయాలని ఫెర్గూసన్ ఆలోచించాడు. రెండు లింకులు కింద లాగుతుంటే, మట్టి ఎదురొత్తిడికి ముందుకు బోర్లాపడబోయే నాగలి తన పైకొసతో టాప్ లింకును ట్రాక్టర్ వైపు నెడుతుంది. ఆ నెట్టుడు ముందు చక్రాలను నేలకు అదిమి ఉంచుతుంది. దీనికి హైడ్రాలిక్ లిఫ్టును జోడించి, నాగలి లోతును మట్టి బిగువును బట్టి ట్రాక్టరే సవరించుకునే పద్ధతికి ఆయన 1926లో పేటెంటు పొందాడు. 1936లో డేవిడ్ బ్రౌన్‌తో కలిసి ఇంగ్లండ్‌లో తయారు చేసిన ట్రాక్టర్‌లోనూ, 1938లో హెన్రీ ఫోర్డ్‌తో కేవలం చేయి కలిపి కుదుర్చుకున్న ఒప్పందం ఫలితంగా 1939లో అమెరికాలో విడుదలైన ఫోర్డ్ 9ఎన్‌లోనూ ఈ లింకేజీయే ఉంది. 1953లో ఫెర్గూసన్ సంస్థ మాసీ హారిస్‌తో కలిసిపోయింది. ఆ వారసత్వంలోని మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లే తర్వాత మద్రాసులోని టాఫే సంస్థ ద్వారా తెలుగు పొలాలకూ వచ్చాయి.

ఫెర్గూసన్ పేటెంట్లు అమలులో ఉన్నంత కాలం మిగతా అమెరికన్ సంస్థలు తమ తమ దారులు వెతుక్కున్నాయి. 1950 దశకంలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ‘ఫాస్ట్ హిచ్’నూ, ఆలిస్ చామర్స్ ‘స్నాప్ కప్లర్’నూ తెచ్చాయి. ట్రాక్టర్‌ను వెనక్కి నడిపితే పనిముట్టు ముందుకొస వచ్చి గూటిలో దానంతట అదే చిక్కుకునే ఆ ఏర్పాట్లు, తగిలించే వేగంలో త్రీ పాయింట్ లింకేజీ కన్నా మెరుగైనవే. అయినా అవి నిలవలేదు. ఒక సంస్థ గూటిలో మరో సంస్థ పనిముట్టు పట్టదు. రైతు ట్రాక్టర్ మారిస్తే పనిముట్లన్నీ మార్చాలి. తగిలించడం నెమ్మదైనా, ఎవరు చేసిన పనిముట్టయినా ఎవరి ట్రాక్టర్‌కయినా పట్టే త్రీ పాయింట్ లింకేజీ వాటిని పక్కకు నెట్టి ప్రపంచమంతటా స్థిరపడింది. ఆ తర్వాత వచ్చిన క్విక్ హిచ్ ఈ చరిత్ర నుంచి సరైన పాఠమే నేర్చుకుంది: త్రీ పాయింట్ లింకేజీని తీసేయకుండా, దాని మూడు బిందువుల మీదే కూర్చుని, వేగాన్ని మాత్రం తాను జోడించింది.

అందరికీ ఒకే కొలత అన్నప్పుడు ఆ కొలతలేమిటో తెలియాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 730 ట్రాక్టర్ శక్తిని బట్టి లింకేజీని కేటగిరీలుగా విభజించింది. కేటగిరీ 1లో టాప్ లింక్ పిన్ను 19 మిల్లీమీటర్ల మందం, కింది పిన్నులు 22 మిల్లీమీటర్లు, ఆ రెండు పిన్నుల నడుమ దూరం 683 మిల్లీమీటర్లు. కేటగిరీ 2లో ఇవే వరుసగా సుమారు 25, 28, 825 మిల్లీమీటర్లు. కేటగిరీ 3 పెద్ద ట్రాక్టర్లకు సంబంధించినది, తెలుగు పల్లెల్లో అరుదు. 35 నుంచి 50 హార్స్‌పవర్ ట్రాక్టర్లు నడిచే చోట ఒకటీ రెండూ కేటగిరీల పనిముట్లు కలగలిసి ఉండటం మామూలే కాబట్టి, ఒకే షెడ్డులో సన్న పిన్ను కల్టివేటర్, లావు పిన్ను రోటవేటర్ పక్కపక్కనే కనిపిస్తాయి. మామూలు లింకులతో ఈ తేడాను పిన్నుకు తొడిగే గొట్టంలాంటి బుష్ వేసి సర్దుకోవచ్చు, లింకులను అటూ ఇటూ నెట్టి కుదుర్చుకోవచ్చు. బిగుసుకున్న ఉక్కు చట్రానికి ఆ సర్దుబాటు తెలియదు.

క్విక్ హిచ్‌లలో ఎక్కువగా కనిపించేది తిరగేసిన యు అక్షరం ఆకారంలో ఉండే చట్రం. దీని కొలతలకు ఐఎస్‌ఓ 11001 అనే వేరే ప్రమాణం ఉంది. చట్రం ముందు వైపున ట్రాక్టర్ లింకులు మూడూ మామూలుగానే పిన్నులతో బిగుస్తాయి. వెనుక వైపున పైన నడుమ ఒక కొక్కెం, కింద రెండు మూలల్లో పైకి తెరుచుకున్న రెండు కొక్కేలు ఉంటాయి. చట్రాన్ని దించి వెనక్కి వస్తే మూడు కొక్కేలూ పనిముట్టు పిన్నుల కిందకు చేరతాయి. లివర్ ఎత్తగానే పై కొక్కెం మాస్ట్ పిన్నును ముందుగా అందుకుంటుంది, పనిముట్టు బరువుకు అది ట్రాక్టర్ వైపు ఊగి కింది పిన్నులు వాటి కొక్కేలలో పడతాయి, స్ప్రింగుతో పనిచేసే గొళ్లేలు వాటి మీద మూసుకుంటాయి. యు ఆకారం ఊరికే పెట్టింది కాదు: ఇంజన్ శక్తిని రోటవేటర్ వంటి తిరిగే పనిముట్టుకు అందించే పీటీవో షాఫ్టు చట్రం నడిమధ్య ఖాళీలోంచి అడ్డం లేకుండా వెళ్లాలి.

చట్రాన్ని ట్రాక్టర్‌కు బిగించడం అరగంట పని కూడా కాదు. పనిముట్లను దానికి తగినట్లు సిద్ధం చేయడమే అసలు పని, అందులోనే చాలామంది విసిగిపోయి చట్రాన్ని షెడ్డు మూలన పడేస్తారు. మొదట చూడవలసింది కింది పిన్నుల మందం. అమెరికా ప్రమాణం ప్రకారం తయారైన కేటగిరీ 1 క్విక్ హిచ్ కింది కొక్కేలు కేటగిరీ 3 పిన్ను పట్టేంత వెడల్పుగా ఉంటాయి. 22 మిల్లీమీటర్ల పిన్ను వాటిలో వదులుగా కొట్టుకుంటూ కొద్ది రోజుల్లోనే కొక్కేన్నీ గొళ్లేన్నీ అరగదీస్తుంది. అందుకని ప్రతి కింది పిన్నుకూ లోపల 22, వెలుపల 36.5 మిల్లీమీటర్ల బుష్ తొడగాలి. మాస్ట్ పిన్నుకు లోపల 19, వెలుపల సుమారు 32 మిల్లీమీటర్ల బుష్ కావాలి. ఒకే జత బుష్‌లు కొని పనిముట్టు మార్చినప్పుడల్లా తీసి వేద్దామనుకుంటే మిగిలిన సమయమంతా అక్కడే పోతుంది. ప్రతి పనిముట్టుకూ దాని బుష్‌లు దానికి ఎప్పటికీ ఉండిపోవాలి. బుష్ పొడవు కూడా ముఖ్యమే: పిన్ను మొదటి నుంచి లించ్ పిన్ను వరకు ఉన్న జాగాను అది నింపాలి, లేకపోతే పనిముట్టు దున్నేటప్పుడు పక్కలకు ఊగుతుంది.

మాస్ట్ ఎత్తు దగ్గర వచ్చే ఇబ్బంది ఇంతకన్నా మొండిది. కింది పిన్నుల నుంచి పై పిన్నుకు ఉండే నిలువు దూరం మామూలు కేటగిరీ 1 పనిముట్టుకు 460 మిల్లీమీటర్లు, అంటే సుమారు 18 అంగుళాలు. క్విక్ హిచ్‌కు తగిన పనిముట్టుకు అదే దూరం 15 అంగుళాలు, 381 మిల్లీమీటర్లు. మూడు అంగుళాల ఈ తేడాతో పై కొక్కెం పిన్నును అందుకోలేదు. కొన్ని చట్రాలలో పై కొక్కేన్ని రెండు మూడు ఎత్తుల్లో మార్చుకునే వీలుంటుంది, కొనేటప్పుడు అలాంటివాటినే ఎంచుకోవడం మంచిది. కొన్ని పనిముట్ల మాస్ట్‌కు ఒకదాని కింద ఒకటి రెండు మూడు రంధ్రాలుంటాయి, కింది దానికి పిన్ను మార్చుకోవచ్చు. ఏదీ లేకపోతే మాస్ట్‌కు కొత్త రంధ్రం వేయించాలి లేదా అదనపు పలక వెల్డింగ్ చేయించాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. దున్నేటప్పుడు టాప్ లింక్ మీద పడే ఒత్తిడంతా ఆ పలకే మోయాలి కనుక, అంచు నుంచి తగినంత ఎడంగా డ్రిల్లుతో వేసిన రంధ్రమే నిలుస్తుంది గానీ గ్యాస్ కట్టర్‌తో కాల్చి చేసిన వంకర రంధ్రం కాదు. మాస్ట్ పలకల మధ్య ఖాళీ పై కొక్కెం దూరేంత ఉందో లేదో, ఆ పిన్ను వెనకాల రోటవేటర్ గేర్‌బాక్సో అడ్డకమ్మీయో కొక్కేనికి తగులుతుందేమో కూడా చూసుకోవాలి.

తెలుగు ప్రాంతాల్లో పనిముట్లు చాలావరకు పట్టణాల వెల్డింగ్ షాపుల్లో తయారైనవో, అక్కడ మరమ్మతు అయినవో కావడం వల్ల పిన్నుల దూరం కాగితం మీది కొలతకు ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు. ఏళ్ల తరబడి వాడిన కల్టివేటర్ పిన్ను కొద్దిగా వంగి, రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉండవచ్చు. మామూలు లింకులు ఈ లోపాలన్నిటినీ కప్పిపుచ్చుతాయి, క్విక్ హిచ్ బయటపెడుతుంది. ఇది దాని దోషంగా కనిపించినా నిజానికి మంచిదే, ఎందుకంటే వంగిన పిన్ను ఏ పద్ధతిలోనైనా ఏదో ఒక రోజు రోడ్డు మీద విరిగే పిన్నే.

చట్రం చేర్చడంతో మారిపోయే మరో సంగతి దూరం. చట్రం మందాన్ని బట్టి పనిముట్టు సుమారు 10 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. పీటీవో షాఫ్టు ఒక గొట్టంలో మరొకటి జారే రెండు ముక్కలతో ఉంటుంది. పనిముట్టు వెనక్కి జరిగితే ఆ రెండూ ఒకదానిలో ఒకటి ఉండే పొడవు తగ్గుతుంది. పని చేసే స్థితిలో కనీసం మూడో వంతు పొడవైనా లోపల ఉండాలన్నది సాధారణ నియమం. అంతకన్నా తక్కువైతే తిరిగే వేగంలో గొట్టం వంగిపోవచ్చు, పనిముట్టును ఎత్తినప్పుడు రెండు ముక్కలూ విడిపోనూ వచ్చు. నిమిషానికి 540 సార్లు తిరిగే ఉక్కు గొట్టం విడిపోతే జరిగేది ఊహించదగినది కాదు. ఇంజన్ ఆపి, పనిముట్టును పైకి, కిందికి, మధ్యకు పెట్టి మూడు చోట్లా ఈ పొడవు చూసి, చాలకపోతే పొడవైన షాఫ్టు తీసుకోవలసిందే.

బరువు లెక్క కూడా మారుతుంది. వెనుక ఇరుసు నుంచి 1.4 మీటర్ల దూరంలో బరువు కేంద్రం ఉన్న 450 కిలోల రోటవేటర్‌ను, ముందు వెనుక ఇరుసుల మధ్య 2 మీటర్లున్న ట్రాక్టర్ ఎత్తిందనుకుంటే, ముందు ఇరుసు మీది భారం 315 కిలోలు తగ్గుతుంది. అదే రోటవేటర్ 10 సెంటీమీటర్లు వెనక్కి జరిగి, దానికి 35 కిలోల చట్రం తోడైతే ఈ తగ్గుదల మరో 40 కిలోల వరకు పెరుగుతుంది. లిఫ్టు సామర్థ్యంలో వెసులుబాటు ఉన్న ట్రాక్టర్‌కు ఇది సమస్య కాదు. ఇప్పటికే రోడ్డు మీద ముందు చక్రాలు తేలుతున్నట్లు స్టీరింగ్ వదులయ్యే ట్రాక్టరైతే ముందు బంపర్‌కు బరువు పలకలు వేయక తప్పదు.

యు చట్రం ఒక్కటే దారి కాదు. యూరప్‌లో ఎక్కువగా కనిపించే ఎ చట్రంలో ట్రాక్టర్‌కు ఒక త్రిభుజం, ప్రతి పనిముట్టుకూ అది ఇమిడే మరో త్రిభుజం ఉంటాయి. ఒక్క గొళ్లెంతో పని అయిపోతుంది, పనిముట్టు కాస్త వంకరగా నిలిచినా పట్టుకుంటుంది, కానీ ప్రతి పనిముట్టుకూ త్రిభుజం వేయించాలి, పీటీవో షాఫ్టుకు జాగా ఇరుకు. లింకుల కొసల్లోనే పంజాలాంటి కొక్కేలుండి, పనిముట్టు పిన్నుకు తొడిగిన బాల్‌ను కింది నుంచి అందుకునే పద్ధతి మరొకటి. ఇందులో పనిముట్టు వెనక్కి జరగదు, పిన్నుల దూరంలో కొద్దిపాటి తేడాను లింకులే సర్దుకుంటాయి. కొలతలు కచ్చితంగా లేని పనిముట్లు నిండిన తెలుగు పల్లెలకు యు చట్రం కన్నా ఈ పంజా లింకులే ఎక్కువ నప్పుతాయనిపిస్తుంది. ఏడాదికి రెండు సార్లు మాత్రమే పనిముట్టు మార్చే చిన్న రైతుకైతే ఇవేవీ అక్కర్లేదు, మంచి లించ్ పిన్నులు, సరైన టాప్ లింక్ ఉంటే చాలు. పనిముట్లను అద్దెకిచ్చే కస్టమ్ హైరింగ్ కేంద్రాల సంగతి వేరు: ఒకే చోట పది పనిముట్లుండి, రోజూ వేర్వేరు ట్రాక్టర్లకు ఎక్కే చోట, అన్నిటినీ ఒక్కసారి కొలిచి ఒకే కొలతకు తెస్తే ఆ శ్రమ మొదటి సీజన్‌లోనే ఫలిస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ వంటి చోట్ల డ్రైవర్లకు ఇచ్చే శిక్షణలో, పిన్నుల కొలత తీయడమూ బుష్ ఎంపికా ఇంజన్ సర్వీసింగ్‌తో సమానమైన పాఠంగా ఉండటం న్యాయం.

పనిముట్టును ఎక్కడ, ఎలా దించి పెట్టారన్నదాన్ని బట్టే మళ్లీ అది సులువుగా ఎక్కడం ఉంటుంది. నల్లరేగడి నేల మీద వదిలిన రోటవేటర్ ఒక్క వానకు ఒక పక్కకు దిగబడి పిన్నులు ఎగుడుదిగుడవుతాయి. అప్పుడు క్విక్ హిచ్ కూడా దాన్ని అందుకోలేదు. గట్టి నేల మీద, కాళ్లు ఉన్నవాటిని కాళ్ల మీద, లేనివాటిని సమానమైన చెక్కల మీద, మాస్ట్ నిటారుగా ఉండేలా దించాలి. ఎక్కించిన తర్వాత పనిముట్టును నేలకు ఒక జానెడు ఎత్తున ఆపి, రెండు గొళ్లేలూ పూర్తిగా మూసుకున్నాయో లేదో సీటు మీంచే వెనక్కి తిరిగి చూడాలి. ఒక వైపు గొళ్లెం తెరిచి ఉంటే పనిముట్టును మళ్లీ దించి, రెండోసారి ఎక్కించాలే తప్ప కాలితో తన్ని మూయకూడదు. పీటీవో షాఫ్టు తగిలించడానికి ఎలాగూ దిగాలి, అంతకు ముందు పనిముట్టును నేలకు దించి, ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకోవాలి. గొళ్లేల స్ప్రింగులలో చేరే మట్టిని పొలం పని ముగిసిన ప్రతిసారీ దులిపి, దుక్కుల కాలం మొదలయ్యే ముందు వాటికి నూనె వేసి, బిగువు తగ్గిన స్ప్రింగును మార్చేయాలి.